లాట్ నంబరు

మాది నంద్యాల దగ్గర ఆళ్లగడ్డ అనగానే ఆఫీసులో బాంబులు, తూటాల గురించే అడుగుతారు. నాకు తూటాల మీద ఆసక్తి పుట్టింది మాత్రం హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ వల్ల. 2012 లండన్ ఒలింపిక్స్‌లో ఎయిర్ రైఫిల్ కాంస్యం గెలిచిన అతను 50 మీటర్ల పోటీల్లోనూ దిగాడు. అక్కడ పది పాయింట్ల వలయం అడ్డుకొలత 10.4 మిల్లీమీటర్లే. .22 తూటాలు ఒకే కంపెనీవి, ఒకే రకానివైనా లాట్ మారితే గురి మారొచ్చు. అందుకే రైఫిల్‌ని కదలకుండా బిగించి, లాట్ల వారీగా కాల్చి, చిల్లులు దేనికి దగ్గర దగ్గరగా పడ్డాయో చూస్తారు. ఒక బ్యారెల్‌కి కుదిరిన లాట్ ఇంకోదానికి కుదరకపోవచ్చు.

మావైపు రైతులూ ఇంతే. సంచి మీద రకం పేరు చూసి ఊరుకోరు. గుప్పెడు గింజలు తడి గోనెలో చుట్టి, మొలక చూశాకే విత్తుతారు. నన్నడిగితే, మా ఊళ్లకి దగ్గరైన తూటా కథ ఇదే.