స్వరాజ్ ద్వీపమున సముద్రగర్భ దర్శనము

బడిపంతులు జీతముతో సముద్రగర్భమును జూతురా యని మమ్ము పరిహసించినవారు గలరు. విశాఖపట్టణమున ఓడలో బంకుతరగతి నెక్కి మూడవనాటికి అండమానులు చేరి, సర్కారు పడవమీద, 2018 వఱకు హేవ్‌లాక్ అనబడిన స్వరాజ్ ద్వీపమున దిగితిమి.

ఈత రాని మాకు తోడుగా శిక్షకుడు మునిగెను. వీపున గాలిసిలిండరు, నోట గొట్టము. ఊపిరి బిగబట్టరాదు, పైకి వచ్చునపుడు లోనిగాలి వ్యాకోచించి ఊపిరితిత్తులు చీలవచ్చును. చెవులు నొచ్చినచో ముక్కు మూసికొని మెల్లగా నూదవలెను. ఇంటనున్న బిడ్డలు తలపునకు వచ్చి రెండుమాఱులు పైకి లేచితిమి. మూడవమాఱు చిలుకమూతి చేపలు పగడపురాతిని కొఱుకు చప్పుడు వినబడెను! మేము చదివిన కావ్యములలో నా శబ్దము లేదు.

విమానమెక్కువారు మునిగిన పిదప ఒక దినమాగవలెను. ఓడవారి కా బస ఖర్చు లేదు.