జూలీ కడుపు కథ



పోయిన ఉత్తరం చివర ‘మా జూలీకి ఒంట్లో బాగాలేదు, అందుకే ఈసారి క్లుప్తంగా ముగిస్తున్నాను’ అని ఒక్క వాక్యం రాశాను. పుస్తకాల గురించి పేజీలకు పేజీలు రాసినప్పుడు రాని జాబులు ఆ ఒక్క వాక్యానికి వచ్చాయి. ఏలూరు నుంచి ఒకావిడ తమ లాబ్రడార్‌కి నెలల తరబడి మోషన్లు ఆగడం లేదని రాశారు. నిజామాబాద్ పెద్దాయన ఒకరు, వీధిలోంచి తెచ్చి పెంచుకున్న కుక్క తిండి ముట్టడం లేదని వాపోయారు. డాలస్‌లో ఉద్యోగం చేస్తున్న అమ్మాయి అయితే, తన తిండి కన్నా కుక్క తిండికే ఎక్కువవుతోందని లెక్క కూడా పంపింది. కాబట్టి ఈ నెల ఉత్తరమంతా కుక్క కడుపు గురించే.

జూలీ జర్మన్ షెపర్డ్. ఇంకా మూడేళ్లు నిండలేదు. ఇదివరకు దానికి తిండి మీద పెద్ద ధ్యాస ఉండేది కాదు, బతిమాలి పెట్టేవాళ్లం. అలాంటిది గిన్నె ఖాళీ చేసి, నాకి, మళ్లీ వంటింటి గుమ్మంలో వచ్చి కూర్చోవడం మొదలుపెట్టింది. తింటున్నకొద్దీ చిక్కిపోయింది. వీపు మీద చెయ్యి వేస్తే వెన్నుపూసలు తగిలేవి. బయటికి తీసుకెళ్తే తిన్నదానికన్నా ఎక్కువ పోతోందా అనిపించేది. పాలిపోయిన పసుపు రంగు, పైన నూనె మెరుపు, వీధి మొత్తానికి తెలిసే వాసన. పైగా, చెప్పడానికి బాగుండదు గానీ, దాన్నే మళ్లీ తినబోయేది. కడుపులో గుడగుడలు పక్క గదిలోకి వినిపించేవి.

సలహాలకేం కొదవ? నట్టలన్నారు. దిష్టి అన్నారు. పెరుగన్నం పెట్టండి, ఇట్టే కట్టుకుంటుందన్నారు. మా అత్తయ్యగారు ఎండుమిరపకాయలు దిగదుడిచి పొయ్యిలో వేశారు. ఘాటుకు తుమ్మింది మాత్రం మేమే. దగ్గర్లోని క్లినిక్‌లో ఒక ఇంజెక్షన్, ఒక మెట్రోనిడజోల్ సీసా ఇచ్చేవారు. మోషన్లు కొంచెం గట్టిపడేవి, సీసా అయిపోగానే మళ్లీ మొదలు. మళ్లీ వెళ్తే మళ్లీ అదే సీసా. ఆ మందును పూర్తిగా తీసిపారేయను, దాని అవసరం దానికుంది. కానీ పేగుల్లో ఉండాల్సిన మంచి బ్యాక్టీరియాను కూడా అది వారాల తరబడి చెదరగొడుతుంది. మూడు వారాలు దాటిన విరేచనాలను దీర్ఘకాలిక సమస్య కింద లెక్కవేస్తారు. అక్కడి నుంచి ఏం మందు వెయ్యాలన్నది కాదు, ఎందుకవుతోందన్నది అడగాలి.

ఆ ప్రశ్న అడిగిన డాక్టరమ్మ మాకు తర్వాత దొరికారు. ‘మోషన్లు అవుతున్నాయండీ’ అనగానే ఆవిడ మందుల చీటీ అందుకోలేదు. రోజుకు ఎన్నిసార్లు? ఒక్కోసారి ఎంత? ముక్కుతోందా? జిగురు పడుతోందా? రక్తం ఉంటే ఎర్రగా ఉందా, నల్లగా జిగటగా ఉందా? బరువెంత తగ్గింది? పిడుదులు పట్టాయా? ఇంట్లో ఎవరెవరు ఏమేం పెడతారు? చివరి ప్రశ్నకు మావారు కుర్చీలో కదిలారు.

ఈ ప్రశ్నల వెనుక పెద్ద విషయమే ఉంది. రోజుకు రెండు మూడుసార్లే వెళ్లినా కుప్పలుగా పోవడం, బరువు తగ్గడం సాధారణంగా చిన్నపేగు వైపు వేలు చూపిస్తాయి. కొంచెం కొంచెంగా పదిసార్లు వెళ్లడం, ముక్కడం, జిగురు, చివర ఎర్రటి రక్తపు చారలు ఉంటే పెద్దపేగు. ఏలూరు సోదరీ, మీరు రాసిన లక్షణాలన్నీ రెండో రకానివే. బరువు తగ్గలేదని కూడా అన్నారు. మీ దారి, మా దారి ఒకటి కాకపోవచ్చు. జూలీకి ఇచ్చిన మందు రాసి పంపమని అడిగారు కదా, అందుకే పంపడం లేదు. కోపం తెచ్చుకోకండి.

ముందుగా మలపరీక్ష. ఒక్క రోజుది చాలదు, వేరు వేరు రోజులవి మూడు తెమ్మన్నారు. జియార్డియా అనే సూక్ష్మజీవి, కొరడా పురుగు గుడ్లు ప్రతిసారీ మలంలో పడవట. ఒకసారి కనిపించనంత మాత్రాన లేవని కాదు. తర్వాత రక్తపరీక్షలు. ఆల్బుమిన్ పడిపోయిందంటే పేగుల్లోంచి మాంసకృత్తులు కారిపోతూ ఉండవచ్చు, అది తాత్సారం చేయకూడని సంగతి. ప్లేట్‌లెట్లు తగ్గితే పిడుదుల జ్వరాన్ని అనుమానించాలి. నిజామాబాద్ బాబాయిగారూ, మీ కుక్క చెవుల్లో, కాలి వేళ్ల సందుల్లో ఒకసారి వెతకండి. తిండి మానేసిందంటే కడుపు జబ్బే కానక్కర్లేదు. అడ్రినల్ గ్రంథి మందగించే ఎడిసన్ జబ్బు కూడా వాంతులు, విరేచనాల వేషంలోనే వస్తుంది. కార్టిసాల్ హార్మోన్ చూడకపోతే దాన్ని పోల్చుకోవడం కష్టం.

జూలీకి వీటిలో ఏదీ లేదు. లేదన్న మాటకు డబ్బు కట్టి రావడం ఇంట్లో వాళ్లకు మింగుడు పడదు. ‘ఏమీ లేదన్నారుగా, ఇంకా ఎందుకు తిప్పుతావ్?’ అన్నారు అత్తయ్యగారు. నా మట్టుకు నాకు ఆ కాగితాలు వృథా అనిపించలేదు. ఒక్కో జబ్బునూ కొట్టేసుకుంటూ పోతేనే అసలుది మిగులుతుంది.

ఆ తర్వాత రాసిన పరీక్ష పేరు టీఎల్‌ఐ. క్లోమం తయారుచేసే ట్రిప్సిన్‌కు సంబంధించిన పదార్థం రక్తంలో ఎంతుందో కొలుస్తుంది. రాత్రి నుంచి ఏమీ పెట్టకుండా పొద్దున్నే రక్తం తీయాలి. ఆ రాత్రి జూలీ పెట్టిన గోల మా అపార్ట్‌మెంట్‌లో ఇంకా చెప్పుకుంటున్నారు. రక్తాన్ని వేరే ఊరి ల్యాబుకు పంపారు. ఆరోగ్యంగా ఉన్న కుక్కకు ఆ అంకె బాగా ఎక్కువ ఉంటుంది. 2.5 కన్నా తక్కువ వస్తే క్లోమం జీర్ణరసాలు తయారుచేయడం లేదని ఖాయం. మధ్యలో వస్తే కొంతకాలం ఆగి మళ్లీ చూడాలి. జూలీది 2.5 కన్నా బాగా కిందికి వచ్చింది.

పశువైద్యుడిగా చేసి రిటైరైన మా బాబాయ్‌కి ఫోన్ చేస్తే, వాళ్ల కాలం ముచ్చట చెప్పాడు. కుక్క మలాన్ని నీళ్లలో కలిపి అందులో ఎక్స్‌రే ఫిల్మ్ ముక్క ముంచేవాళ్లట. ట్రిప్సిన్ ఉంటే ఫిల్మ్ మీది జెలటిన్ పొర కరిగిపోవాలి, లేకపోతే అలాగే ఉండాలి. ‘నమ్మకమైన పరీక్ష కాదురా, పేగుల్లో బ్యాక్టీరియా కూడా ఆ పొరను కరిగించేస్తుంది. కానీ మా దగ్గర ఇంకేముంది?’ అన్నాడు. మా ల్యాబు బిల్లు ఎంతయిందో ఆయనకు చెప్పలేదు.

క్లోమం జీర్ణరసాలు చేయలేని ఈ జబ్బు జర్మన్ షెపర్డ్‌లకు ఎక్కువగా వస్తుంది. వంశంలో ఉంటుంది. ఒంటి రోగనిరోధక శక్తే క్లోమంలో జీర్ణరసాలు చేసే కణాలను క్రమంగా తినేస్తుంది. నూటికి తొంభై వంతులు పోయేదాకా పైకి ఏమీ తెలియదు. జీర్ణరసం లేని కడుపులో పడ్డ అన్నం అగ్గిపుల్ల లేని ఇంట్లో కట్టెల మోపే. జూలీ అంత తినీ ఎండిపోయింది ఇందుకే. ఇది తగ్గిపోయే జబ్బు కాదు, సర్దుకుని బతికే జబ్బు. ప్రతి పూటా తిండిలో ఎంజైమ్ పొడి కలపాలి. కలపకుండా ఒక్క బిస్కట్ పెట్టినా అది వృథాయే. పొడి మరీ ఎక్కువైతే నోరు పుండు పడుతుంది, అందుకని తడిపి కలుపుతున్నాను. బి12 కూడా పడిపోయి ఉంది. ఈ జబ్బులో అది తరచూ పడిపోతుందట. దాన్ని పూడ్చకపోతే ఎంజైమ్ ఒక్కటే చాలదని ఇంజెక్షన్లు చేస్తున్నారు.

పొడికి బదులు పచ్చి క్లోమం ముక్కలు కలిపే పద్ధతి కూడా ఉంది. ఖర్చు కలిసొస్తుందేమోనని మటన్ కొట్టుకు వెళ్లాను. అతనికి కార్జం తెలుసు, బోటి తెలుసు, తిల్లి తెలుసు. క్లోమం అంటే ఫోన్‌లో బొమ్మ చూపించాల్సి వచ్చింది. పచ్చి మాంసంతో వచ్చే ఇన్ఫెక్షన్ల గురించి డాక్టరమ్మ చెప్పాక ఆ ఆలోచన మానుకున్నాం.

అందరికీ ఇలా ఒక్క అంకెతో జబ్బు పేరు తేలదు. ఎక్కువ కుక్కల్లో తేలదనే చెప్పాలి. ఎండోస్కోపీ చేసి పేగు ముక్క తీసినా, వాపు ఉందని తెలుస్తుంది గానీ ఎందుకుందో చాలాసార్లు తెలియదు. అందుకే మిగతా కారణాలు కొట్టేశాక, కుక్క బాగానే ఉంటే, ముందు తిండి మార్చి చూస్తారు. ఇదివరకు ఎన్నడూ తినని ఒకే మాంసం, ఒకే ధాన్యం. లేదంటే డాలస్ అమ్మాయి కొంటున్నట్టు, మాంసకృత్తులను అలర్జీ రానంత చిన్న ముక్కలుగా విడగొట్టిన తయారీ ఆహారం. దీర్ఘకాలపు విరేచనాల్లో సగానికి పైగా ఈ తిండి మార్పుతోనే దారికొస్తాయి. చాలావరకు రెండు వారాల్లోనే తేడా కనబడుతుంది. అమ్మాయీ, నీ ఖర్చు వృథా కాదు, కాకపోతే ఆ రెండు వారాలూ ఇంకేదీ దాని నోట పడకూడదు. రుచి కోసం మాంసం వాసన కలిపిన నట్టల మాత్ర కూడా లెక్కలోకే వస్తుంది, ఆ సమయంలో వేయాల్సి వస్తే డాక్టర్ని అడుగు. తిండితో కుదరకపోతే అప్పుడు స్టెరాయిడ్లు, ఇతర మందులు.

నన్నడిగితే వీటన్నిటిలో కష్టమైంది ఇంటిల్లిపాదినీ ఒక్క మాట మీద ఉంచడమే. అత్తయ్యగారు ‘నోరులేని దాని నోరు కట్టేస్తే పాపం కాదూ?’ అంటూ ఇడ్లీ ముక్క జారవిడుస్తారు. వాచ్‌మన్‌కి బిస్కట్ పెట్టకపోతే తోచదు. చివరికి ఎల్‌ఐసీ డైరీ ఒకటి ఫ్రిజ్ పక్కన కట్టి, ఎవరు ఏం పెట్టినా తిట్టను గానీ రాయండి అన్నాను. తిండి, మందు, వారానికోసారి బరువు, మోషన్ గట్టిదనానికి 1 నుంచి 7 వరకు మార్కు, అన్నీ అందులోనే. ఒకటి అంటే రాయి, ఏడు అంటే నీళ్లు. అత్తయ్యగారు ఇప్పుడు ‘ఇవాళ మూడు వచ్చింది’ అని నాకన్నా ముందే ప్రకటిస్తున్నారు. డాక్టరమ్మ నా మాటలకన్నా ఆ డైరీనే ఎక్కువ చూస్తారు.

మీ ఊళ్లో దారి దొరక్కపోతే వెటర్నరీ కాలేజీల బోధనాసుపత్రులున్నాయి. తిరుపతి, గన్నవరం, రాజేంద్రనగర్ మీకు తెలిసినవే. పాత రిపోర్టులన్నీ వరుసగా పెట్టుకుని వెళ్లండి. కుక్క నీరసపడిపోయినా, వాంతులు ఆగకపోయినా, పొట్ట ఉబ్బినా, నల్లటి మలం కనిపించినా డైరీలు, పరీక్షల వరుస అని కూర్చోకుండా ఆ రోజే పరుగెత్తండి. ఇంట్లో ఉన్న మన నొప్పి మాత్రలు మాత్రం వేయకండి. డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ కుక్క కడుపునీ, మూత్రపిండాలనీ దెబ్బతీస్తాయి.

జూలీ బరువు పెరుగుతోంది. నిదానంగానే. గుమ్మంలో కూర్చోవడం మానలేదు, అది అలవాటో ఆకలో ఇంకా తేల్చుకోలేదు.

ఉంటాను,
మీ నేస్తం

తా.క.: ఫోటోలు పంపుతున్నవాళ్లు దయచేసి నాకు కాదు, మీ డాక్టరుకు పంపండి. నిన్న పొద్దున మావారు ఉప్మా తింటూ నా ఫోన్ తెరిచారు.