మిరాజ్ కొడుకు ఏమయ్యాడు?

ఆక్స్‌ఫర్డ్ అనగానే మనవాళ్ళకి నల్లగౌన్లు, గోపురాలు గుర్తొస్తాయి. మేముండేది ఊరికి ఆ చివర, కౌలీలో. విలియం మోరిస్ 1913లో కార్లు కట్టడం మొదలుపెట్టిన చోటు. ఇప్పుడు మినీ కార్లు తయారయ్యేదీ ఇక్కడే. గాజువాక ఆటోనగర్‌లో నాన్నకి లారీ బాడీలు కట్టే షెడ్డుండేది. పోర్టు లారీలు, స్టీల్‌ప్లాంటు ట్రైలర్లు రిపేరుకొచ్చే ఆ వీధుల్లో పెరిగాను కాబట్టి నాకీ పేట కొత్తగా అనిపించలేదు. పోయిన వేసవిలో వచ్చిన అమ్మయితే "ఇదీ ఆటోనగరేరా, రోడ్డు మీద గ్రీజు లేదంతే" అని తేల్చేసింది.

కౌలీకి దగ్గర్లోనే హెడింగ్టన్ క్వారీ. నార్నియా కథలు రాసిన సి.ఎస్. లూయిస్ 1930 నుంచి 1963లో చనిపోయేదాకా అక్కడే ఉన్నాడు. ఒకప్పటి ఇటుక బట్టీల స్థలంలో కట్టిన ఇల్లు. మట్టి తవ్వగా మిగిలిన గొయ్యి ఇప్పుడు చెరువు. ఆయన సమాధి ఉన్న చర్చిలో నార్నియా కథల బొమ్మలు చెక్కిన అద్దాల కిటికీ ఒకటుంది. అమ్మని అక్కడికి తీసుకెళ్ళాక, మా పాప తన నానమ్మకి 'ప్రిన్స్ కాస్పియన్' కథ చెప్పడం మొదలుపెట్టింది. 1951లో వచ్చిన పుస్తకం. పాప తెలుగులో సగం మాటలు ఇంగ్లీషువే, అయినా అమ్మకి అంతా తెలిసింది.

తల్లీ తండ్రీ లేని కుర్రాడు కాస్పియన్. తండ్రిని చంపి గద్దెనెక్కిన బాబాయి మిరాజ్ దగ్గరే పెరుగుతుంటాడు, ఆ హత్య సంగతి తెలియకుండానే. పాత నార్నియాలో జంతువులు మాట్లాడేవనీ, అస్లాన్ అనే సింహం ఉండేదనీ చెప్పిన దాదిని బాబాయి పనిలోంచి తీసేస్తాడు. తర్వాత వచ్చిన గురువు కొర్నీలియస్ ఆ కథలన్నీ నిజమేనని రహస్యంగా చెబుతాడు. మిరాజ్‌కి కొడుకు పుట్టిన రాత్రే, ఇక నీ ప్రాణానికి గండమని చెప్పి గుర్రమెక్కించి పంపేస్తాడు. మిగతాది యుద్ధం. చివరికి అస్లాన్ ఎదుట నిలబడి, రాజ్యం చేసేంతటివాణ్ణి కాదేమో అంటాడు కుర్రాడు. అలా అనుకున్నావు కాబట్టే నువ్వు తగుదువంటుంది సింహం. లూయిస్ క్రైస్తవం మొత్తం ఆ జవాబులో ఉందని నాకనిపిస్తుంది. తొమ్మిదేళ్ళకే, 1908లో, తల్లిని పోగొట్టుకున్నవాడాయన. దిక్కులేని పిల్లాడి చేతికి కిరీటమిచ్చేటప్పుడు ముందుగా వాడి భయాన్ని ఒప్పుకోనివ్వడం ఆయనకి తెలిసిన పని.

అమ్మ వారం తప్పకుండా గుడికెళ్ళే మనిషి. మా వైపు చర్చిని గుడి అనే అంటారు. సగం కథ అయ్యేసరికే "ఇది యోవాషు కథే కదే" అంది. బైబిల్లో అతల్యా అనే రాణి రాజకుమారులందర్నీ చంపిస్తుంటే మేనత్త యెహోషెబ ఒక పసివాణ్ణి దాదితో సహా ఎత్తుకుపోయి దాస్తుంది. ఆరేళ్ళు మందిరంలో దాగి, ఏడేళ్ళప్పుడు రాజవుతాడు. చంపించింది వాడి సొంత నానమ్మేనని తెలిసి మా పాప అమ్మకి కొంచెం దూరం జరిగి కూర్చుంది.

కథ పూర్తయ్యాక అమ్మ అడిగిన ప్రశ్న వేరు. "మరా మిరాజుగాడి కొడుకు? ఆ గుంటడేటయ్యాడే?"

పాప పేజీలు తిప్పింది. నేనూ తిప్పాను. బాబాయి యుద్ధంలో చచ్చాడు, మంచిదే. కానీ ఉయ్యాల్లో ఉన్న ఆ పిల్లాడూ తండ్రి లేనివాడయ్యాడు. ఏ తప్పూ చెయ్యకుండానే. ఇన్నిసార్లు చదివినా వాడి గురించి నేనెప్పుడూ ఆలోచించలేదు.

అమ్మకి ఆ ప్రశ్న ఎందుకొచ్చిందంటే, మాది బొబ్బిలి కథ విన్న ప్రాంతం కాబట్టి. బుర్రకథలోనూ, 1964 సినిమాలోనూ మనం గుర్తుపెట్టుకున్నది రంగారాయుణ్ణి, మల్లమ్మని, తాండ్ర పాపారాయుణ్ణి. 1757 జనవరి 24న విజయనగరం, ఫ్రెంచి సేనల చేతిలో కోట కూలాక, బూడిదలోంచి ఒక ముసలాయన రంగారాయుడి చిన్న కొడుకుని తీసుకొచ్చి, 'లా' అనే ఫ్రెంచి అధికారి ఎదుట నిలబెట్టాడని రాబర్ట్ ఆర్మ్ తన చరిత్రలో రాశాడు. చంపెయ్యమన్న తండ్రి మాట కాదని ఈ పిల్లాణ్ణి బతికించానన్నాడట. ఆ ముసలాయన మీద పాట లేదు. నన్నడిగితే ఆ యుద్ధంలో పాపారాయుడి కత్తికంటే పెద్ద తెగింపు ఆయనదే. ప్రభువు కొడుకుని ప్రభువు ఆజ్ఞకి ఎదురెళ్ళి దాచడం మాటలా!

ఆ పిల్లాడే చిన రంగారావు. కాస్పియన్‌లా ఒక్క వేసవిలో గెలవలేదు. విజయనగరం కోటలో బందీగా కూడా ఉన్నాడు. మళ్ళీ బొబ్బిలి దక్కింది 1794లో, అప్పటికి నలభై దాటి ఉంటాయి.

అదే ఏడాది జులై 10న, భీమిలి దగ్గర పద్మనాభంలో, పేష్కస్ (కప్పం) బకాయిల తగాదా ముదిరి ఈస్టిండియా కంపెనీ సైన్యం విజయనగరం రాజు చిన విజయరామరాజుని చంపింది. ఆయన కొడుకు నారాయణబాబుకి అప్పుడు ఎనిమిదేళ్ళు. కొండ జమీందార్లు ఆ పిల్లాణ్ణి కాపాడారు. తర్వాత కంపెనీ జమీందారీని బాగా కుదించి అతనికే ఇచ్చింది. అంటే బొబ్బిలిని కూల్చిన ఇంట్లోనూ ఒక మిరాజ్ కొడుకున్నాడు. ఒక తండ్రిలేని కొడుక్కి రాజ్యమిచ్చిన ఏడాదే ఇంకొకణ్ణి తండ్రి లేనివాణ్ణి చేసింది కంపెనీ. రెండు చోట్లా కిరీటం పెట్టే చెయ్యి అదే, దానికి పేష్కస్ లెక్క తప్ప ఇంకేమీ పట్టదు. నారాయణబాబు చివరికి అప్పుల్లో మునిగి 1845లో కాశీలో పోయాడు. ఇలాంటి ముగింపు పిల్లల పుస్తకంలో ఎవరు వేస్తారు?

ఇవన్నీ నేను చెబుతుంటే అమ్మ రాజుల్ని వదిలేసి షెడ్డులోకి వెళ్ళిపోయింది. తండ్రి పోయిన పిల్లల్ని మేనమామలు తీసుకొచ్చి మా మేస్త్రికి అప్పజెప్పేవాళ్ళు. స్పానర్ పట్టుకోవడానికి చేతులు చాలని వయసు. ఇప్పుడైతే నేరం, అప్పుడూ నేరమే, ఎవరూ అడిగేవాళ్ళు కారు. మేస్త్రి తిట్టేవాడు, తన క్యారేజీలోంచి అన్నం పెట్టేవాడు, వెల్డింగ్ నేర్పేవాడు. వాళ్ళలో కొందరికి ఇప్పుడు సొంత షెడ్డులున్నాయి. మేస్త్రి మంచాన పడ్డప్పుడు ఎవరెవరు చూడ్డానికొచ్చారో, ఎవరు రాలేదో అమ్మ దగ్గర ఇప్పటికీ లెక్కుంది.

"యోవాషు కూడా రాలేదురా" అంది. నిజమే. తనని దాచి రాజుని చేసిన యాజకుడు యెహోయాదా పోయాక, ఆయన కొడుకు జెకర్యానే రాళ్ళతో కొట్టించి చంపించాడు యోవాషు. ఆదివారపు బడిలో మాకు ఏడేళ్ళ రాజు దాకానే చెప్పి ఆపేశారు.

కాస్పియన్ ఆ పరీక్షలో నెగ్గాడనే చెప్పాలి. పాప ఇప్పుడు తర్వాతి పుస్తకంలో ఉంది. అందులో కాస్పియన్ ఓడెక్కి, బాబాయి దేశం దాటించేసిన తండ్రి స్నేహితులు ఏడుగురినీ వెతుక్కుంటూ బయల్దేరతాడు. అమ్మ విశాఖ వెళ్ళిపోయింది కానీ ఆదివారం ఆదివారం ఫోన్లో అడుగుతూనే ఉంది, ఎంతమంది దొరికారని. మొన్నటికి నలుగురు.