మొన్న వాయించిందే!

మా వీధిలో మొదట టీవీ కొన్నది ఎదురింటి మాస్టారు. 1980ల నాటి మాట. ఆదివారం దూరదర్శన్‌లో ‘స్టార్ ట్రెక్’ వచ్చేది. ఇంగ్లీషు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అయినా అరుగు దాకా జనమే. కోసు చెవుల స్పాక్ కనపడితే చాలు మా పిల్లమూకకి.

నాన్న పద్యనాటకాలకి హార్మోనియం వాయించేవారు. రాత్రంతా ఏ ఊళ్లోనో ‘గయోపాఖ్యానం’ వాయించి, తెల్లారగట్ల బస్సుకి దిగి, నిద్ర లేని కళ్లతోనే మాతోపాటు వచ్చి గుమ్మం పక్కన కూర్చునేవారు. ఆయన ధ్యాస బొమ్మ మీద కాదు, వెనక వాయిద్యాల మీద. ఓ ఆదివారం తెర మీద ఇద్దరు కలబడుతున్నారు. నాన్న ఉన్నట్టుండి పైకే అనేశారు.

“ఒరే, ఇది మొన్న ఇంకో కథలో వాయించిందేరా!”

అందరూ గొల్లున నవ్వారు. ఇంగ్లీషు రాని హార్మోనిస్టు అమెరికావాళ్లకి తప్పులు పడుతున్నాడని. నాకు తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చాకైనా ఊరుకున్నానా! “నువ్వు మాత్రం? హరిశ్చంద్రకైనా, తులాభారానికైనా అవే బిట్లు వాయిస్తావుగా” అనేశాను. నాన్న ఏమీ అనలేదు. చొక్కా విప్పి కొయ్యకి తగిలించి పడుకున్నారు. మళ్లీ ఎదురింటికి టీవీ చూడ్డానికి రాలేదు.

2012లో అమెరికాలో ఓ కంపెనీ ఆ సీరియల్ సంగీతాన్ని 15 సీడీల పెట్టెగా తెచ్చింది. అక్కడే ఉంటున్న మా తమ్ముడు కొని తెచ్చాడు. అది వింటూ, దాని సంగతులు చదువుతూ ఉంటే తెలిసింది, నాన్న చెవి ఎంత నిజం చెప్పిందో.

1966 నుంచి 1969 దాకా వచ్చిన ‘స్టార్ ట్రెక్’ మొత్తం 79 కథలు. వాటిలో కొత్తగా సంగీతం రాయించినవి సగం కూడా లేవు. వారం వారం వాద్యబృందాన్ని కూర్చోబెట్టి రికార్డు చేయాలంటే మాటలా? అందుకే ఒక కథకి వాయించినదాన్ని ముక్కలు చేసి దాచుకునేవాళ్లు. ప్రమాదానికి ఒకటి, ప్రేమకి ఒకటి, అంతరిక్ష నౌక కదలడానికి ఒకటి. కావలసిన చోట అతికించడమే.

1967లో ‘అమోక్ టైమ్’ అనే కథలో స్పాక్, కెప్టెన్ కర్క్ ప్రాణాల మీదికి తెచ్చుకునేలా తలపడతారు. దానికి సంగీతం రాసింది జెరాల్డ్ ఫ్రీడ్. ఆయనా వాద్యగాడే. మన సన్నాయికి దూరపు చుట్టం లాంటి ఓబో వాయించేవాడు. ఆ పోరు బాణీని తర్వాత ‘గేమ్‌స్టర్స్ ఆఫ్ ట్రిస్కెలియన్’ లాంటి కథల్లోనూ వాడేశారు. 1996లో వచ్చిన ‘కేబుల్ గై’ సినిమాలో జిమ్ క్యారీ కొట్లాటకి దిగుతూ నోటితో తీసే కూనిరాగం అదే. ఒక్క కథతోనే ఆగిపోయి ఉంటే అది అంతమందికి గుర్తుండేదా?

వీళ్లొక్కళ్లే కాదు. ‘లాస్ట్ ఇన్ స్పేస్’ మొదటి నమూనా కథకి, బెర్నార్డ్ హెర్మన్ 1951లో ఓ గ్రహాంతరవాసి సినిమాకి చేసిన సంగీతాన్నే తెచ్చి పెట్టారు. డొమినిక్ ఫ్రాంటియర్‌ది మరీ విచిత్రం. పొగరు గుర్రాలెక్కే కౌబాయ్ సీరియల్ ‘స్టోనీ బర్క్’కి ఆయన చేసిన ముక్కలు ‘ఔటర్ లిమిట్స్’లో వింత జీవుల వెనక వినిపిస్తాయి. అందులోనే 1964 నాటి ఓ కథ సంగీతం, 1967లో ‘ఇన్వేడర్స్’ అనే మరో సీరియల్‌కి ముఖగీతమై కూర్చుంది. ‘ట్విలైట్ జోన్’ రెండో సీజన్ నుంచి మోగిన ప్రసిద్ధ బాణీ కూడా మారియస్ కాన్స్టాంట్ విడివిడిగా రాసిన రెండు చిన్న ముక్కల అతుకే.

అన్నిచోట్లా అతికిందని అనను. కొన్నిసార్లు పోట్లాట రాకముందే పోట్లాట సంగీతం వచ్చేస్తుంది! కానీ నన్ను బాధపెట్టింది అతుకులు కాదు. ‘స్టార్ ట్రెక్’ ముఖగీతం అలెగ్జాండర్ కరేజ్‌ది. నిర్మాత జీన్ రాడెన్‌బెర్రీ దానికి మాటలు రాశాడు. సీరియల్‌లో వాటినెవరూ పాడలేదు. అయినా రాయల్టీలో సగం ఆయనకి పోయింది.

2013 సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు సీడీ పట్టుకెళ్లాను. నాన్నకి ఎనభై దగ్గర పడ్డాయి. చెవి కొంచెం మందగించింది. సౌండు పెంచి ఫ్రీడ్ పోరు బాణీ పెట్టాను. నాలుగు దరువులు పడ్డాయో లేదో, “అదేరా!” అన్నారు. సంగతంతా చెప్పాను. అంతా విని ఒకటే అడిగారు.

“రెండోసారి వేసినప్పుడు వాయించినోళ్లకి డబ్బులిచ్చారా?”

ఆ సీరియల్ వాళ్లకి వాద్యగాళ్ల సంఘంతో ఒప్పందం ఉండేదనీ, ఓ సీజన్‌లో రికార్డు చేసింది ఆ సీజన్‌లోనే వాడుకోవాలనీ, మరుసటి ఏడు కావాలంటే మనుషుల్ని పిలిచి మళ్లీ వాయించాలనీ చెప్పాను.

“మంచిపని చేశారు” అని కాసేపు కళ్లు మూసుకున్నారు. నిద్రపోయారేమో అనుకున్నాను.

“హరిశ్చంద్రకీ, తులాభారానికీ ఒకటే కాదురా. కాటిసీనులో బాగా నిదానంగా వాయించేవాణ్ణి” అన్నారు. మంచం పట్టె మీద వేళ్లతో వాయించి చూపించారు, ముందు తులాభారానిది, తర్వాత హరిశ్చంద్రది.