మా పేట మాటలు – 17: యాభై రెండు వేల కంప్యూటరు

52,000 పోగయింది. ఉపాధి పనికి పోయేవాళ్లు వంద, రెండొందలు ఇచ్చారు. హైదరాబాదులో ఉద్యోగాలు చేస్తున్న మా పేట పిల్లలు ముగ్గురు తలా అయిదు వేలు వేశారు. పాస్టరుగారు వెయ్యి. మిగతాది పోయిన ఏప్రిల్ 14 చందాల్లో మిగిలిన డబ్బు. మైలవరంలో మా పేటకంటూ ఒక కంప్యూటరు కావాలి. వీడియోలు ఎడిట్ చేసుకోవడానికి, పిల్లలు ఆడుకోవడానికి. ఈ రెండో మాట అన్నానో లేదో కమ్యూనిటీ హాల్లో గొడవ మొదలైంది. అది తర్వాత చెబుతాను.

ముందు ఎడిటింగ్ సంగతి. 1968లో కంచికచర్లలో కోటేశును దొంగతనం అంటగట్టి సజీవదహనం చేశారు. ఆ రోజులు గుర్తున్నవాళ్లు ఈ చుట్టుపక్కల పల్లెల్లో ఇంకా ఉన్నారు. అప్పటికి పదేళ్ల పిల్లలు, ఇప్పుడు అరవై దాటినవాళ్లు. ఏడాదిగా వాళ్ల దగ్గర కూర్చుని ఫోన్లో రికార్డు చేస్తున్నాం. 14 మంది, 20 గంటల పైన, దాదాపు 250 జీబీ. 2023 ఏప్రిల్‌కి అందులో మా పెద్దమ్మ చెప్పిన పదకొండు నిమిషాలు ఒక స్టూడియోలో ఇచ్చి, తెలుగు టైటిళ్లు వేసి పెట్టమన్నాం. పెళ్లి వీడియోలు చేసే కొట్టు. మూడు వేలు తీసుకున్నాడు. వచ్చింది ఏడు నిమిషాలు. పెద్దమ్మ తన కులం పేరు చెప్పిన చోటల్లా కట్. ఆ వారమంతా వాళ్ల నాన్న పిల్లల్ని బజారుకు పంపలేదని చెప్పిన ముక్క కట్. ఇదేందని అడిగితే "గొడవలెందుకండీ, చూడ్డానికి నీట్‌గా ఉండాలి గదా" అన్నాడు. టైటిల్లో మాత్రం పూలదండలు ఎగురుతున్నాయి.

అందుకని మిషను మా చేతిలో ఉండాలి.

మా అక్క కూతురు డిగ్రీ రెండో ఏడు. ఇన్నాళ్లూ ఫోన్లోనే కైన్‌మాస్టర్‌తో లాక్కొచ్చింది. హాల్లో ఉన్న పాత లాప్‌టాప్‌లో మా వీడియో తెరిస్తే మాట ముందు పోయుద్ది, బొమ్మ వెనకాల వచ్చుద్ది. ఇప్పటి ఫోన్లు చోటు కలిసి రావాలని వీడియోని హెచ్ 265 అనే పద్ధతిలో బాగా నొక్కిపెట్టి దాస్తాయి. చూసేటప్పుడు ఆ మూట విప్పాలి. విప్పే పనికి ప్రాసెసర్లోనే విడిగా ఏర్పాటు ఉంటే తేలిక. లేకపోతే మొత్తం భారం ప్రాసెసర్ నెత్తిన పడి ఆగిపోద్ది.

ఇది తెలియకపోతే కొట్లో ఎట్లా దొరికిపోతామో చెబుతాను. విజయవాడలో మొదట అడుగుపెట్టిన కొట్టాయన "ఐ7, పదహారు జీబీ, గేమింగ్ సిస్టమ్, పద్దెనిమిది వేలకే" అన్నాడు. మా కుర్రాళ్ల మొహాలు వెలిగిపోయాయి. మా కోడలు "ఎన్నో జనరేషన్ అంకుల్?" అంది. మూడో జనరేషన్. అంటే 2012లో వచ్చింది. హెచ్ 265 మూట విప్పే ఏర్పాటు దాంట్లో లేదు. కొత్త ఐ3 కూడా దాన్ని దాటేసి పోద్ది. పేరు పక్కన అంకె పెద్దదైతే అది గొప్పదనుకోవడం మనకి కొత్త కాదులెండి, ఇంటిపేరు చూసి లేచి నిలబడే ఊళ్లలోనే పుట్టాం.

ఇక అసలు తకరారు. గ్రాఫిక్స్ కార్డు కొనే స్తోమత లేదు. ఆర్‌ఎక్స్ 6600 లాంటిది ఒక్కటి కొన్నా మా డబ్బులో సగం దాకా దానికే పోద్ది. సెకండ్ హ్యాండ్ కార్డులు ఏడెనిమిది వేలకి ఉన్నాయి గానీ, చాలావరకు క్రిప్టో మైనింగ్‌లో రాత్రింబగళ్లు కాల్చినవి. 2022 సెప్టెంబరులో ఎథీరియం ఆ పద్ధతి మానేశాక అవన్నీ బజారులోకి వచ్చిపడ్డాయి. వారంటీ ఉండదు. చందా డబ్బుతో అట్లాంటి పందెం కాయకూడదు. కాబట్టి ప్రాసెసర్లోనే గ్రాఫిక్స్ ఉన్నది తీసుకోవాలి. దానికి రెండు దార్లు. ఇంటెల్ ఐ5 12400, లేదా ఏఎండీ రైజెన్ 5 5600జీ. రెండిటికీ ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు. వీడియో మూట విప్పడంలో ఇంటెల్‌ది చురుకు, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లతో బాగా కలుస్తుంది. ఆటల్లో ఏఎండీది పైచేయి, లోపలున్న వేగా గ్రాఫిక్స్ బలమైనది. (ఐ5 12400 పక్కన ఎఫ్ అక్షరం ఉంటే రెండు వేల పైన తగ్గిస్తారు. సంబరపడి తెచ్చుకోకండి. ఎఫ్ అంటే లోపల గ్రాఫిక్స్ లేదని. కార్డు పెట్టకపోతే తెర మీద బొమ్మే రాదు.)

పనికి ఒకటి, ఆటకి ఒకటి. హాల్లో గొడవంతా ఇదే.

పెద్దవాళ్లు "అంబేడ్కర్ బొమ్మ కింద కూర్చుని తుపాకులాట ఆడతారంట్రా?" అన్నారు. "చందా ఇచ్చింది చదువుకోమని" అన్నారు. నేను కుర్రాళ్ల వైపు మాట్లాడాను. మన పిల్లల చేతిలోకి ఏది వచ్చినా, పుస్తకమైనా సైకిలైనా, ముందు అది దేనికి పనికొస్తదో లెక్క చెప్పాలి. ఊళ్లో మిగతా పిల్లలకి పుట్టినరోజుకి ప్లేస్టేషన్ వచ్చుద్ది, ఎవుడూ లెక్క అడగడు. మా తాతల కాలంలో చెరువు గట్టున ఆడుకున్నా దెబ్బలే. ఆడుకోవడానికి కూడా కారణం చూపించాలా? ఇంకో మాట కూడా అన్నాను. ఆడుకోనివ్వని మిషను దగ్గర ఏ పిల్లోడూ కూర్చోడు. పెద్దమ్మ మాటలకి కత్తెర పట్టాల్సింది రేపు వీళ్లే.

అయినా తేల్చింది నా ఉపన్యాసం కాదు, మా కోడలు. మొదట్నుంచీ ఇంటెల్ కావాలన్నది ఆ పిల్లే. బోర్డుతో కలిపి లెక్కేస్తే 5600జీ వైపు మూడున్నర వేలు తక్కువ. ఆ పిల్ల కాయితం మీద కూడికలేసుకుని "మావయ్యా, ఆ డబ్బు ఇంకో హార్డ్ డిస్కుకి వచ్చుద్ది. పెద్దోళ్ల మాటలు రెండు చోట్ల ఉండాలి" అంది. ఎడిటింగ్ నెమ్మదిస్తుంది కదా అంటే, ప్రాక్సీలు చేసుకుంటానంది. పెద్ద వీడియోకి చిన్న సైజు నకలు తయారుచేసి దాని మీద కోతలు కోసుకోవడం, ఆఖర్న ఒరిజినల్‌తో కలిపి బయటికి తీయడం. రాత్రి పెట్టి పడుకుంటే తెల్లారేసరికి నకళ్లు రెడీగా ఉంటాయి. దాంతో పెద్దవాళ్లూ సరేనన్నారు.

ర్యామ్ గురించి ఒక్క ముక్క. పదహారు జీబీ ఒకే కర్రగా కొనొద్దు, ఎనిమిది, ఎనిమిది రెండు తీసుకోండి. లోపలి గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ ఉండదు, ర్యామ్‌నే వాడుకుంటుంది. రెండు కర్రలుంటే రెండు దార్లలో డేటా నడుస్తుంది. ఆటలో తేడా కంటికి కనపడుద్ది.

ఎస్‌ఎంపీఎస్ దగ్గర మాత్రం నేను ఎవరి మాటా వినలేదు. మైలవరం నుంచి విజయవాడ పోతుంటే కొండపల్లి దాటాక ఇబ్రహీంపట్నంలో థర్మల్ పొగగొట్టాలు కనపడతాయి. కరెంటు పుట్టేది మా పక్కనే. మా పేట మటుకు లైను చివర. సాయంత్రం మోటార్లు ఆన్ అయితే మా ఫ్యాన్లు ముసలమ్మలా తిరుగుతాయి. కొట్టాయన క్యాబినెట్‌తో పాటు పేరూ ఊరూ లేని ఎస్‌ఎంపీఎస్ ఎనిమిదొందలకి ఇస్తానన్నాడు. అది పోతే తనొక్కటే పోదు, బోర్డునీ డిస్కునీ కూడా తీసుకుపోద్ది. 80 ప్లస్ బ్రాంజ్ గుర్తున్నది, 550 వాట్లది, నాలుగు వేలు పెట్టి తీసుకున్నాం. దానికి తోడు 600 వీఏ యూపీఎస్. కరెంటు పోయాక గంటలు పనిచెయ్యడానికి కాదు, సేవ్ చేసి ఆపుకోవడానికి. రేపెప్పుడైనా కార్డు కొంటే ఈ ఎస్‌ఎంపీఎస్సే సరిపోద్ది.

కుర్రాళ్లు రంగుల లైట్ల క్యాబినెట్ అడిగారు. రెండు వేల ఎనిమిదొందలు. లైట్ల వల్ల వేగం రాదు. తీసుకున్నాం. హాల్లో ట్యూబులైటు తప్ప ఇంకే లైటూ లేదు.

బిల్లు దగ్గర ఇంకో తమాషా. బిల్లు లేకపోతే తగ్గిస్తానన్నాడాయన, పద్దెనిమిది శాతం జీఎస్టీ కదా. వద్దన్నాం. వారంటీ కావాలి, పైగా అది పదిమంది డబ్బు, బిల్లు హాలు గోడకి అంటించాలి. ఎవరి పేరున రాయాలన్నాడు. మా సంఘం పేరు చెప్పాం. పెన్ను ఆగింది. "మైలవరంలో ఎక్కడ మీది?" అన్నాడు. మా కోడలు "బిల్లులో ఆ కాలమ్ ఉందా అంకుల్?" అంది. రాసేశాడు.

మొత్తం 52,000. బస్సు ఛార్జీలు మావి. ఇవన్నీ 2024 జనవరి ధరలు, మీరు కొనేనాటికి మళ్లీ అడిగి చూసుకోండి.

సాఫ్ట్‌వేర్ కేడెన్‌లైవ్. ఉచితం, ప్రాక్సీలు తనే చేసిపెడుతుంది, తెలుగు వత్తులు విడిపోకుండా వస్తాయి. డావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్ ఇంకా బాగుంటుంది గానీ అది గ్రాఫిక్స్ కార్డు మీద బతుకుద్ది, మాకు ఆ కార్డు లేదు. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా పిల్లలది. వాలరెంట్ హాయిగా ఆడుద్ది, జీటీఏ ఫైవ్ సెట్టింగులు తగ్గించుకుంటే ఆడుద్ది. తొమ్మిది తర్వాత మా కోడలిది. పోయిన వారం మా బుల్లోడు ఒకడు ఆట వదిలేసి ఆ పిల్ల పక్కన కూర్చుని మాటలకి టైటిళ్లు కొట్టాడు. మాల అన్న మాట దగ్గర ఆగి "అక్కా, ఇది రాయొచ్చా?" అని అడిగాడు. "పెద్దమ్మ ఏమందో అదే రాయి" అంది.

రెండో డిస్కు నందిగామలో మా చెల్లెలి ఇంట్లో పెట్టాం. నెలకోసారి తెచ్చి కొత్తవి ఎక్కించి మళ్లీ పంపుతున్నాం. పెద్దమ్మ పదకొండు నిమిషాలు పూర్తయ్యాయి. అందులో ఏం చెప్పిందో వచ్చే భాగంలో రాస్తాను.

జై భీమ్.