ఒకే గల్లీ, రెండు సర్టిఫికెట్లు

అల్హమ్దులిల్లాహ్, నా ఆనర్స్ థీసిస్ పూర్తయింది. "పబ్లిక్ పాలసీ అంటే ఏంది బేటీ?" అని నానీ ఇప్పటికీ అడుగుతుంది. "సర్కారు చేసిన ఖానూన్ మన మొహల్లాకు వచ్చేసరికి ఏమవుతుందో చూసే చదువు నానీ" అంటాను.

నా మౌజూ బీసీ-ఇ. మన ఇళ్ళలో అది సర్టిఫికెట్ మీద ఒక మాట, అంతే. దాని తారీఖ్ మాత్రం పెద్దది. 2004లో ముస్లింలందరికీ కలిపి 5 శాతం రిజర్వేషన్ ఇస్తూ ఉత్తర్వు వచ్చింది. హైకోర్టు కొట్టేసింది. 2005లో చట్టమే చేశారు. అదీ నిలబడలేదు. మొత్తం ఖౌమ్‌కు ఇవ్వాలంటే ఆ ఖౌమ్ అంతా వెనకబడిందని సరైన సబూత్ ఏదీ అన్నది కోర్టులో అసలు సవాల్. అప్పుడు పి.ఎస్. కృష్ణన్ అనే రిటైర్డ్ ఐఏఎస్ అధికారి 2007లో నివేదిక ఇచ్చారు. ధోబీ, హజామ్, ఫకీర్, అత్తర్ సాయబులు, ఖురేషీ, షేక్ లాంటి తబ్కాలకు 4 శాతం వచ్చింది. సయ్యద్, మొఘల్, పఠాన్ మొదలైనవాళ్ళు బయట ఉండిపోయారు. దూదేకులవాళ్ళు అంతకుముందు నుంచే బీసీ-బి. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు ఈ చట్టాన్నీ కొట్టేసింది. మార్చి 25న సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చి నిలిపింది. నా డిగ్రీ సీటు కూడా ఆ ఉత్తర్వు నీడలో వచ్చిందే.

మాది షేక్ ఖాందాన్. మా ఫుప్పూను సయ్యద్‌ల ఇంట్లో ఇచ్చారు. ఆమె కూతురూ నేనూ పలమనేరులో ఒకే గల్లీలో పెరిగాం. మా అబ్బా టమాటా మండీలో హమాలీ, వాళ్ళ అబ్బా పంక్చర్లు వేస్తారు. నాకు బీసీ-ఇ ఉంది, తనకు లేదు.

పలమనేరు నుంచి రెండు సరిహద్దులూ దగ్గరే. గుడియాత్తం వైపు దిగితే తమిళనాడు. అక్కడ 2007 నుంచి ముస్లింలకు 3.5 శాతం ఉంది, ఆ జాబితాలో సయ్యద్‌లూ ఉన్నారు. ముళబాగిలు వైపు వెళ్తే కర్ణాటక. అక్కడ 2బి కింద 4 శాతం. 2023లో దాన్ని తీసేస్తూ ఉత్తర్వు ఇచ్చారు గానీ, సుప్రీంకోర్టుకు వెళ్ళాక అమలు ఆగింది. అంటే మా ఫుప్పూ కూతురు గుడియాత్తంలో పుట్టి ఉంటే బీసీ, పలమనేరులో పుట్టింది కాబట్టి ఓసీ. గురబత్ మాత్రం రెండుచోట్లా ఒకటే.

ఈ మాట రాస్తానంటే అబ్బా ఫికర్ పడ్డారు. "కేసు ఇంకా కోర్టులో ఉంది. మన లోపం మనమే రాసిస్తే రేపు ఎవరో ఒకరు దాన్నే చూపించి ఉన్నది కూడా తీసెయ్యమంటారు" అన్నారు. ఆయన భయం ఉత్తది కాదు. మా తమ్ముడు ఇంకా ఇంటర్‌లో ఉన్నాడు. అటు చూస్తే, నా సవాళ్ళకు ఓపిగ్గా జవాబిచ్చిన ఫుప్పూ ఇంటిని థీసిస్‌లో లేకుండా చెయ్యడం నాఇన్సాఫీ అనిపించింది.

రెండు రాత్రులు ఆలోచించి రెండూ రాశాను. తబ్కాలవారీగా గీసిన ఆ లకీరే ఈ 4 శాతాన్ని ఇంతకాలం నిలబెట్టింది, అందరికీ అని గీత చెరిపేస్తే 2004 నాటి చోటికే పోతాం. కానీ గీత ఒకసారి గీసి వదిలేసేది కాదు. ఇంటింటి సర్వే చేసి, పని, చదువు, ఆమ్దనీ చూసి దాన్ని మళ్ళీ పరిశీలించాలి. నా థీసిస్ చెప్పింది ఇదే. అబ్బా చదివించుకుని విన్నారు. "సరే, సచ్ రాశావు" అన్నారు. ఆయన ఫికర్ మాత్రం పోలేదు.

పనికొచ్చే మాట ఇంకొకటి. ఏ రిజర్వేషన్ కిందికీ రాని సయ్యద్, పఠాన్ కుటుంబాలకు ఇడబ్ల్యుఎస్ కింద 10 శాతంలో హక్కుంది. 2019లో 103వ రాజ్యాంగ సవరణతో వచ్చింది. ఏడాది ఆమ్దనీ 8 లక్షల లోపు ఉండాలి, పొలం, ఇంటి షరతులు కొన్ని ఉన్నాయి. మజ్హబ్‌తో పని లేదు. మా ఫుప్పూ ఇంట్లో ఈ సంగతి ఎవరికీ తెలియదు. థీసిస్ జమ చేసిన మర్నాడే దరఖాస్తు పెట్టించాం. మీ గల్లీలో అలాంటి పిల్లలుంటే అడ్మిషన్లకు ముందే చెప్పండి.