అవ్వ పాట, అమ్మ నోట్‌బుక్కు

కోయంబత్తూరు పీళమేడులో మా వీధిలో ఇంటింటా తెలుగే వినబడేది. చదువూ రాతా తమిళంలో; పోట్లాటా, లాలింపూ, పాటా తెలుగులో. విజయనగర రాజుల కాలంలో, ఆ తర్వాత మదుర నాయకుల కాలంలో దక్షిణానికి తరలివచ్చిన వాళ్ళ వంశాలు మావి. మా బడిలో తెలుగు లేదు. అయినా ఇన్ని తరాలు ఆ భాష నిలిచిందంటే ఆడవాళ్ళ నోటి చలవే, అందులోనూ పాటల చలవే. ఆ పాటల్లో ఆడది ఎలా ఉండేదో, తరం మారేకొద్దీ ఎలా మారిందో మా ఇంట్లోనే చూశాను.

నేను విన్న మొదటి గొంతు మా అవ్వది. అవ్వకు అక్షరం రాదు. కానీ వీధిలో ఏ పెండ్లిలోనైనా ఆమె లేనిదే నలుగు మొదలయ్యేది కాదు. వధూవరుల్ని పీటల మీద ఎదురెదురుగా కూర్చోబెట్టి, గిన్నెలో పసుపూ సున్నిపిండీ కలుపుతూ పాట ఎత్తుకునేది. వెనకాల అత్తలూ పిన్నమ్మలూ అందుకునేవాళ్ళు. ఆ పాటల్లో పెండ్లికూతురు అలిగేది, బెట్టు చేసేది, మొగుడి చేత బతిమాలించుకునేది. వియ్యపురాలి పిసినారితనం, పెండ్లికొడుకు నడక, మగపెండ్లివారి తిండి యావ అన్నీ బయటపడేవి. మామూలు రోజుల్లో మామగారి ఎదుట గొంతెత్తని కోడళ్ళు ఆ కాసేపూ పందిరంతా వినబడేట్టు పాడేవాళ్ళు. వియ్యంకుడు నవ్వుతూ వినాల్సిందే. శుభకార్యంలో పాటకు కోపం తెచ్చుకుంటే ఆయన పరువే పోతుంది. ఆ పాటలు ఎవరు కట్టారో తెలియదు. ఎవరైనా తమ ఇంటి సంగతి ఒక చరణంగా కలిపితే అదీ పాటలో చేరిపోయేది.

అమ్మ కాలానికి పాట రేడియోలోకి వచ్చింది. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక అమ్మ రేడియో సిలోను పెట్టేది. అనౌన్సరు మీనాక్షీ పొన్నుదురై గారి గొంతు వినగానే నోట్‌బుక్కూ పెన్సిలూ తీసుకుని ట్రాన్సిస్టర్ పక్కన చతికిలబడేది. అమ్మకు తెలుగు లిపి రాదు. తెలుగు పాటను తమిళ అక్షరాల్లో రాసుకునేది. తమిళంలో క, గ రెండింటికీ ఒకటే అక్షరం కదా, గ పలకాల్సిన చోట కింద చిన్న గీత పెట్టేది. అందని మాటకు ఖాళీ వదిలి, ఆ పాట మళ్ళీ వచ్చే రోజు కోసం కాచుకునేది.

నోట్‌బుక్కు నిండా సుశీల గారి పాటలే. మొగుడి కోసం ఎదురుచూసే ఇల్లాలు, దేవుడికి మొరపెట్టుకునే కోడలు, అన్నీ ఓర్చుకునే తల్లి. క్లబ్బు పాట ఒక్కటీ లేదు. అవి ఎక్కువగా ఎల్.ఆర్. ఈశ్వరి గొంతులో వచ్చేవి. నైనా ఇంట్లో ఉంటే ఆ పాట రాగానే అమ్మ సౌండు తగ్గించేది. అవ్వ పాటలో ఓర్పూ కవ్వింపూ ఒకే పెండ్లికూతురివి. సినిమా ఆ మనిషిని రెండుగా చీల్చి ఓర్పును ఇల్లాలికీ, కవ్వింపును క్లబ్బు డాన్సరుకూ పంచింది. ఇక ఆడి నెల వచ్చిందంటే, తెల్లారకముందే మారియమ్మ గుళ్ళ మైకుల్లో అదే ఈశ్వరి గొంతు అమ్మవారి పాటలతో మోగేది. అమ్మ తలస్నానం చేసి ఆ పాట వింటూ దండం పెట్టుకునేది. గొంతుకు మైల లేదని, గీత గీసింది కథలు అల్లినవాళ్ళేనని నాకు తెలిసింది ఆ మైకుల వల్లే.

అమ్మ దృష్టిలో ఆ గీత దాటిన మనిషి భానుమతి. మా ఊరి పక్షిరాజా స్టూడియో అధిపతి ఎస్.ఎం. శ్రీరాములు నాయుడు 1954లో తమిళంలో ‘మలైక్కళ్ళన్’, తెలుగులో ‘అగ్గిరాముడు’ తీశారు. అక్కడ ఎం.జి.ఆర్., ఇక్కడ ఎన్.టి.ఆర్.; నాయిక మాత్రం రెండింట్లోనూ భానుమతే. “ఆయమ్మ ఎవురి గొంతూ అరువు తెచ్చుకోదు” అని అమ్మ గర్వంగా చెప్పేది.

వేసవి సెలవులకు మదురలో పెద్దమ్మ ఇంటికి వెళ్ళేవాళ్ళం. స్టేషను ఎదుట మంగమ్మ సత్రం చూపించి “మన రాణి కట్టించింది” అనేది పెద్దమ్మ. మీనాక్షమ్మ గుడి దగ్గర హనుమంతరాయన్ కోవిల్ వీధి మలుపులో తప్పకుండా ఆగేది. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి పెరిగిన వీధి అది. 1916లో మదురలో, వీణ షణ్ముఖవడివు కూతురిగా, దేవదాసీ సంప్రదాయపు ఇంట పుట్టిందామె. అలాంటి ఇళ్ళ ఆడవాళ్ళ కచేరీ చెవులప్పగించి విని, వాళ్ళను తమ గడప మాత్రం తొక్కనివ్వని కాలం. 1941లో ‘సావిత్రి’ సినిమాలో ఆమె నారదుడి వేషం కట్టింది. 1945లో ‘మీరా’ అయింది. పాడే ఆడదాన్ని దేశం నెత్తిన పెట్టుకోవాలంటే ఆమె భక్తురాలిగా కనబడాల్సి వచ్చింది. పెద్దమ్మదీ చక్కటి గొంతు. పెండ్లయ్యాక అత్తవారు పూజగదిలో తప్ప పాడనివ్వలేదు. ఆ మలుపులో ఆమె ఎందుకు ఆగేదో పెద్దయ్యాక అర్థమైంది.

నేను ఎదిగే రోజుల్లో, 1976లో, ‘అన్నక్కిళి’ వచ్చింది. అప్పటి మదుర జిల్లాలోని పణ్ణైపురంలో పుట్టిన ఇళయరాజాకు అదే తొలి సినిమా. గుంటూరు జిల్లా ఆడపడుచు ఎస్. జానకి తమిళ పల్లెపిల్ల మనసును ఆ పిల్లే పాడుకున్నట్టు పాడింది. ఆ మరుసటేడు వచ్చిన ‘16 వయదినిలే’ పాటకు జాతీయ అవార్డు అందుకుంది. ఆ పల్లెపిల్ల ఆశపడింది, మోసపోయింది, కానీ ఎవరి ముందూ బొమ్మలా నిలబడలేదు. 1994లో భారతీరాజా ‘కరుత్తమ్మ’ వచ్చింది. ఉసిలంపట్టి వైపు ఆడశిశువుల్ని పుట్టగానే చంపే ఘోరం మీద తీసిన సినిమా. అందులో స్వర్ణలత పాటకు జాతీయ అవార్డు దక్కింది. మదుర చుట్టుపక్కల ఇళ్ళు దాచుకున్న నిజం ఆ సినిమాతో తెరకెక్కింది. ఆ పాట వస్తే పెద్దమ్మ చేతిలో పని పక్కన పెట్టి కూర్చునేది.

ఇప్పుడు మా మేనకోడలు 2021 నాటి ‘పుష్ప’లో సమంత ఆడిన పాటను తెలుగులో ఇంద్రావతి చౌహాన్‌లా, తమిళంలో ఆండ్రియాలా పాడుతుంది. మగవాళ్ళ చూపుల్ని మాట నిలదీస్తుంది. కెమెరా మాత్రం ఆ చూపుల వెంటే తిరుగుతుంది. నిలదీసే మాట పిల్లల నోట ఆడుతున్నందుకు సంతోషమే. అయినా ఆ మాట రాసిందీ మగవాడే, ఆ కెమెరా పట్టిందీ మగవాడే.

కాలంతోపాటు పాటల్లో ఆడదానికి స్వేచ్ఛ పెరుగుతూ వచ్చిందని అందరూ అంటారు. మా ఇంటి వరకు అది నిజం కాదు. అన్నిటికంటే ధైర్యంగా మాట్లాడింది అక్షరం రాని అవ్వ పాటే, ఎందుకంటే దాన్ని కట్టిందీ పాడిందీ మార్చిందీ ఆడవాళ్ళే. ఆ పాటలు ఏ సినిమా రీలులోనూ లేవు. పీళమేడులో, సూలూరులో, మదురలో అవ్వలు ఇంకా కొందరున్నారు. వాళ్ళ పక్కన కూర్చుందాం. తెలుగు లిపి రాకపోతే మా అమ్మలాగే తమిళ అక్షరాల్లో రాసుకుందాం. రాసుకున్నది పాడుదాం, మన ఇంటి సంగతి ఒక చరణం మనమూ కలుపుదాం.